లోడు మోసే ఇంటి బండిని కిందికి దించవచ్చా?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు కర్నూలు కమాన్ల (బండి కింది ఉక్కు పట్టీ స్ప్రింగుల) మేస్త్రీ జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ప్రొద్దుటూరు, బట్టల వ్యాపారం. 2019 మోడల్ ఎర్టిగా ఉంది. ఇంటిల్లిపాదికీ అదొక్కటే బండి. పెళ్లిళ్ల సీజన్లో మూడో వరుస సీట్లు మడిచి చీరల బేళ్లు ఆరు వేసుకుంటాం, ఒక్కో బేలు 45 కిలోలు తూగుతుంది. ముందర నేనూ నాన్నా, నడిమి సీట్లో అమ్మా నా భార్యా. రాయచోటి మా అత్తగారి ఊరు, అక్కడి అంగళ్లకు సరుకు మేమే తీసుకుపోతాం. గువ్వలచెరువు ఘాట్లో మలుపు తిరిగినప్పుడల్లా బండి వెనక భాగం ఒక పక్కకు ఒరిగి, మలుపు అయిపోయినాక కూడా రెండు మూడు సార్లు ఊగుతోంది. బెంగళూరులో ఉండే మా తమ్ముడు 40 మి.మీ. కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు వేయించమంటున్నాడు. బండి నేలకు దగ్గరైతే ఊగదంట, చూడ్డానికీ బాగుంటుందంట. సెట్టుకు అడ్వాన్సు పంపమని తొందర పెడుతున్నాడు. మీరు పోయిన సంచికలో చెప్పినట్టే టేపుతో కొలిచాను. వెనక చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ) అంచు దాకా ఖాళీగా 38 సెం.మీ., బేళ్లు వేసి మేమంతా ఎక్కినాక 32 సెం.మీ. ఉంది. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అడ్వాన్సు పంపకండి. మీకు కావలసిన జవాబు మీరు కొలిచిన ఆ రెండు అంకెల్లోనే ఉంది. 38 నుంచి 32కు వచ్చిందంటే మీ సరుకూ మనుషులూ కలిసి బండి వెనక భాగాన్ని 6 సెం.మీ. దించుతున్నారు. మీ తమ్ముడు డబ్బు పోసి 4 సెం.మీ. దించుదామంటున్న బండిని మీ బేళ్లు ఇప్పటికే 6 సెం.మీ. దించి నడిపిస్తున్నాయి. వెనక భాగం నేలకు దగ్గరైనంత మాత్రాన ఊపు పోయేదే అయితే, లోడు ఉన్నప్పుడు ఊపు తగ్గాలి కదా. మీ బండి ఊగేది సరిగ్గా లోడు ఉన్నప్పుడే.

చక్రం పైకి లేవడానికి బండి కింద కొంత చోటు ఉంటుంది. గతుకులో పడినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా చక్రం ఆ చోటులోకే లేస్తుంది. ఆ దారి చివర ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది, దాన్ని బంప్ స్టాపర్ అంటాం. రబ్బరు పూర్తిగా అణిగిందంటే ఇక స్ప్రింగు చేసేదేమీ లేదు, దెబ్బ నేరుగా బాడీకి, అక్కడి నుంచి కూర్చున్నవాళ్ల నడుముకు. ఖాళీ బండిలో ఈ చోటు 9 సెం.మీ. ఉందని లెక్క కోసం అనుకుందాం. మీ లోడు 6 తినేసింది, 3 మిగిలింది. ఇప్పుడు 4 సెం.మీ. పొట్టి స్ప్రింగులు వేస్తే ఖాళీ బండికే మిగిలేది 5. ఆ స్ప్రింగులు కంపెనీ వాటికంటే 30 శాతం గట్టివే అనుకున్నా, మీ లోడుకు 6కు బదులు 4.6 సెం.మీ. దిగుతాయి. ఇంక ఉండేది 4 మిల్లీమీటర్లు. చిటికెన వేలి మందం కూడా లేదు. ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీలు తొక్కి తొక్కి అణిగిన చోట్లు మీకు తెలిసే ఉంటాయి. అక్కడ ఆ 4 మిల్లీమీటర్లు ఏ మూలకూ చాలవు.

మరి ఇంకా గట్టి స్ప్రింగు వేస్తే? లెక్క అదీ చెబుతుంది. దించిన తర్వాత కూడా ఇప్పటిలాగా 3 సెం.మీ. మిగలాలంటే మీ లోడుకు స్ప్రింగు 2 సెం.మీ. మాత్రమే దిగాలి. ఇప్పుడు 6 దిగుతోంది కాబట్టి మూడింతలు గట్టిది కావాలి. అంత గట్టి స్ప్రింగు మీద ఖాళీ బండి వెనక భాగం ఇప్పటికంటే దాదాపు 1.7 రెట్లు వేగంగా అదురుతుంది. సరుకు లేని రోజున మీ అమ్మగారు ఆ బండిలో కడప దాకా కూడా సుఖంగా రాలేరు. ఇంటి బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానో, నలుగురు మనుషులతోనో తిరిగేదే కదా.

9 సెం.మీ. అన్నది నేను లెక్కకు తీసుకున్న అంకె. మీ బండిలో ఎంత చోటు వాడకమవుతోందో మీరే చూసుకోవచ్చు. బంప్ స్టాపర్ కొన్ని బండ్లలో స్ప్రింగు లోపల ఉంటుంది, కొన్నింటిలో షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద ఉంటుంది. స్ప్రింగు లోపల ఉంటే, దాని కొనకు ఎదురుగా ఉండే ఇనుప పళ్లెం మీద తడి సుద్ద ముద్దగా పూయండి. ఆరనిచ్చి, మామూలు లోడుతో మీరు రోజూ తిరిగే దారిలో ఒకసారి పోయి రండి. సుద్ద అంటుకొని రబ్బరు కొన తెల్లబడితే అక్కడిదాకా వచ్చి తగిలినట్టు. కొనతో పాటు రబ్బరు పక్కలు కూడా తెల్లబడితే అణిగి ఉబ్బేంత గట్టిగా తగిలినట్టు. కడ్డీ మీద ఉండే రకమైతే, పైనున్న దుమ్ము తొడుగు ఎత్తి కడ్డీకి అడుగున వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ఒకటి బిగించండి. చక్రం ఎంత లేచిందో ఆ టై అంతవరకు జరిగి అక్కడే నిలబడుతుంది. టేపు పెట్టి చూసుకోవచ్చు. ఎంత పేరున్న స్ప్రింగు అయినా ఈ పరీక్ష చేయకుండా కొనడం దండగ.

ఇప్పుడు ఊపు సంగతి. మీరు రాసినదాన్ని బట్టి నాకు మూడు అనుమానాలు ఉన్నాయి.

మొదటిది, ఆ రబ్బరే. ఘాట్లో కుడికి తిరిగితే బరువంతా ఎడమ పక్కకు పడుతుంది. పై లెక్క ప్రకారం ఎడమ పక్క 3 సెం.మీ.లే మిగిలి ఉన్నాయి కాబట్టి ఆ రబ్బరు వెంటనే తగులుతుంది. రబ్బరు తగిలిన మరుక్షణం ఆ పక్క స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్టు అవుతుంది. ఆ టైరు మీద బరువు దూకుతుంది, వెనక భాగం విసిరినట్టు కదులుతుంది. పొట్టి స్ప్రింగు వేస్తే ఇదే పని ఇంకా ముందుగా, ఇంకా చిన్న మలుపులకే జరుగుతుంది. తడి రోడ్డు మీద ఇది ఊపుతో ఆగదు, వెనక చక్రాలు జారిపోతాయి. గువ్వలచెరువు ఘాట్లో ఎదురుగా లారీలు వస్తుంటే అంత తెగింపు పనికిరాదు.

రెండోది, బేళ్లు ఎక్కడ పెడుతున్నారు? డిక్కీ డోరు తీయగానే చేతికి అందేటట్టు వెనక అంచునే పేరుస్తున్నారనుకుంటా, దించడానికి అదే సులువు కాబట్టి. మీ బండి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం 274 సెం.మీ. ఆరు బేళ్లు 270 కిలోలు. వాటి బరువు మధ్యస్థానం వెనక యాక్సిల్‌కు, అంటే వెనక చక్రాల ఇరుసుకు, 30 సెం.మీ. అవతల ఉంటే, వెనక చక్రాల మీద పడేది 270 కాదు, దాదాపు 300. అదనంగా వచ్చిన ఆ 30 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోయినవి. స్టీరింగు తిప్పేదీ, బ్రేకు ఎక్కువగా పట్టేదీ, మీ బండిలో ఇంజను లాగేదీ ఆ ముందు చక్రాలే. అవి తేలికపడి వెనక బరువెక్కిన బండి ఏ మలుపులోనైనా తోక ఊపుతుంది. బేళ్లను నడిమి సీటు వీపుకు ఆనించి, బరువైనవి అడుగున, ఒకదాని మీద ఒకటి రెండు వరుసలకు మించకుండా పేర్చండి. సీటు వీపు కంటే ఎత్తుకు పోనివ్వొద్దు. గట్టి బ్రేకు వేస్తే పైనున్న బేలు ముందుకు వచ్చేది మీ అమ్మగారి తల మీదికే. తాడు కట్టడం బద్ధకించకండి, బండి లోపల కొక్కేలు ఉంటే వాటికి బిగించండి.

సరుకు ఎక్కువైన రోజు ఒకటి రెండు బేళ్లు పైన క్యారియర్ మీద వేస్తుంటే అది మానుకోండి. బండిని 4 సెం.మీ. దించి బరువును ఎంత కిందికి తెస్తారో, ఒక్క 45 కిలోల బేలును లోపలి నుంచి టాపు మీదికి ఎక్కిస్తే అందులో చాలా భాగం మళ్లీ పైకి పోతుంది. ఇంకొక మాట. ఆర్‌సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు అని రెండు అంకెలు ఉంటాయి. ఇలాంటి ఏడు సీట్ల బండికి వాటి తేడా దాదాపు 600 కిలోలు ఉంటుంది, మనుషులతో కలిపి. మీరు నలుగురు 260 అనుకుంటే, బేళ్లతో 530. హద్దులోనే ఉన్నారు, కానీ ఇంకో రెండు బేళ్లకు చోటు లేదు.

మూడోది, షాక్ అబ్జార్బర్లు. మలుపు అయిపోయినాక కూడా రెండు మూడు సార్లు ఊగుతోందని రాశారు చూడండి, నాకు అన్నిటికంటే అనుమానం అక్కడే. బరువు మోసేది స్ప్రింగు. దాని ఊపును ఆపేది షాక్ అబ్జార్బర్. ఆరోగ్యంగా ఉన్న షాక్ ఒకసారి దిగి లేచిన బండిని అక్కడే పట్టుకుంటుంది. లోపల నూనె కారిపోయినా, వాల్వు అరిగినా పట్టు పోతుంది. లిఫ్టు మీద బండి ఎత్తించి షాక్ గొట్టం మీద చేత్తో తుడిచి చూడండి. దుమ్ము జిగటగా చేతికి అంటితే సీలు పోయినట్టే. పొడిగా ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు, మీ బండి 2019ది కాబట్టి ఇప్పటిదాకా మార్చకపోతే వెనక రెండూ కలిపి మార్చండి. ఒక్కటే మార్చమని ఎవరైనా చెబితే వినొద్దు, రెండు పక్కలా పట్టు సమంగా లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. ముందర బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బార్ లింకులు, వాటి బుష్‌లు కూడా చేత్తో ఊపి చూపించమనండి. టకటకమంటే మార్చాల్సిందే. పెద్ద ఖర్చేమీ కాదు.

టైర్ల గాలి మాట కూడా ఇక్కడే చెప్పాలి. డ్రైవర్ డోరు తీస్తే పిల్లరు మీద స్టిక్కరు ఉంటుంది. అందులో మామూలుగా తిరిగేటప్పటి గాలి ఒకటి, నిండు లోడుకు ఒకటి వేరువేరుగా రాసి ఉంటాయి. బేళ్లు వేసే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నిండు లోడు అంకె పట్టించండి. గాలి తక్కువైన టైరు పక్కగోడ మలుపులో మడత పడుతుంది, అదీ ఊపులాగే అనిపిస్తుంది. మీ టైరు మీద 185/65 ఆర్15 అని, దాని పక్కన 88 అని ఉందేమో చూడండి. ఆ 88 ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని చెప్పే అంకె, సరైన గాలి ఉంటేనే. డబ్బు మిగులుతుందని 88 కంటే తక్కువ అంకె టైర్లు వేయించుకోవద్దు.

బేళ్లు జరిపి, గాలి సరిచేసి, షాక్‌లు మార్చినాక ఘాట్లో ఒకసారి నడిపి చూడండి. సగానికి పైగా తేడా మీకే తెలుస్తుంది. అప్పటికీ వెనక భాగం మరీ కుంగుతోందనిపిస్తే స్ప్రింగుల దగ్గరికి రండి. మీకు కావలసింది కంపెనీ ఎత్తే ఉండి, 15 నుంచి 20 శాతం గట్టిగా ఉండే వెనక స్ప్రింగులు. 20 శాతం గట్టిదైతే మీ 6 సెం.మీ. కుంగు 5 అవుతుంది. రబ్బరుకు 3 కాకుండా 4 సెం.మీ. దూరం దక్కుతుంది. చూడ్డానికి ఒక్క సెంటీమీటరే, కానీ మిగిలిన చోటులో మూడో వంతు పెరిగినట్టు.

అంగళ్లలో స్ప్రింగు చుట్ల సందులో దూర్చే రబ్బరు బఫర్లు కూడా అమ్ముతారు. తక్కువ ధర, పది నిమిషాల పని. నాకు అవి నచ్చవు. అవి రెండు చుట్లను కదలనివ్వకుండా చేసి మిగిలిన చుట్ల మీద భారం వేస్తాయి, వాటి అంచు దగ్గర దుమ్ము చేరి రంగు రాసుకుపోయి తుప్పు పడుతుంది. స్ప్రింగు ఎక్కువగా విరిగేది తుప్పు పట్టిన చోటే. ఒకటి రెండు సార్లు లోడుకు అవసరం పడితే సరే, అలా వదిలేసి ఏళ్ల తరబడి తిరగొద్దు. స్ప్రింగు లోపల పెట్టే గాలి బెలూన్లు మేలు. ఖాళీగా ఉన్నప్పుడు గాలి తగ్గించి, లోడు రోజున పెంచుకోవచ్చు. వాటికి ఒక్క షరతు: కుడి బెలూనుకు, ఎడమ బెలూనుకు వేరువేరు గాలి పైపులు ఉండాలి. రెండూ ఒకే పైపుకు కలిపితే మలుపులో బరువు పడిన పక్క బెలూను గాలి రెండో పక్కకు పారిపోతుంది. ఒరుగు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. బిగించే మనిషి ‘టీ జాయింటు వేసి రెండు పైపులూ కలిపేస్తే ఒక్కచోటే గాలి పట్టొచ్చు’ అంటే ఒప్పుకోవద్దు.

మీ తమ్ముడి మాటలో నిజం లేదని నేను అనను. ఇద్దరు మనుషులు తప్ప సరుకు ఎక్కని చిన్న కారును, నునుపైన రోడ్డు మీద నడిపేవాళ్లు ఒక 15, 20 మి.మీ. దించి, దానికి తగిన పొట్టి షాక్‌లు వేసుకుంటే మలుపుల్లో తేడా తెలుస్తుంది. అక్కడా ఒక చిక్కు ఉంది. మీ ఎర్టిగాలాగా ముందర స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసి ఉండే రకం) ఉన్న బండిని మరీ దించితే, చక్రాన్ని పట్టుకొనే కింది ఆర్మ్ బయటి కొన పైకి లేస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు మీద ఒరుగుతుందో ఆ బిందువు, బండి బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి ఒరగడానికి బలం ఇంకా ఎక్కువ దొరుకుతుంది. దించినవాళ్లు తక్కువ ఒరుగుతున్నారంటే అది స్ప్రింగు గట్టిదనం వల్ల, ఎత్తు తగ్గినందువల్ల కాదు. ఆ గట్టిదనం కంపెనీ ఎత్తులోనే తెచ్చుకోవచ్చు. వెనక ఉన్నది ఒకే దూలం యాక్సిల్ కాబట్టి, దించినాక వెనక చక్రాల వాలు సరిచేసే బోల్టులు కూడా మీ బండికి ఉండవు.

లోడు వేసినా ఎత్తు తగ్గకూడదు, ఖాళీగానూ మెత్తగా ఉండాలి అన్న కోరిక కొత్తది కాదు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ 1955లో తెచ్చిన డీఎస్ కారులో స్ప్రింగులకు బదులు వాయువు, నూనె పెట్టి, ఎంత బరువు వేసినా బండి తనంతట తాను ఒకే ఎత్తులో నిలబడేటట్టు చేశారు. మన గరుడ వోల్వో బస్సుల కింద ఉండే గాలి బెలూన్లూ అదే పని చేస్తాయి. జనం ఎక్కేకొద్దీ వాల్వు గాలి పంపి ఎత్తు నిలబెడుతుంది. వాటిలో బరువుతో పాటు గట్టిదనం కూడా పెరుగుతుంది. ఇనుప స్ప్రింగుకు ఆ గుణం లేదు. అది ఖాళీకీ లోడుకీ ఒకటే, అందుకే మధ్యేమార్గంగా ఎంచుకోవాలి. కంపెనీ ఇంజనీర్లు ఆ మధ్యేమార్గాన్ని ఏడుగురు మనుషుల లెక్క మీద, మన రోడ్ల మీద తిప్పి చూసే పెట్టారు. దాన్ని కొంచెం లోడు వైపు జరపమని నేనంటున్నాను, మీ తమ్ముడు రెండో వైపు జరపమంటున్నాడు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. బండి రూపాన్ని తయారీదారు ఇచ్చినదానికి తేడాగా మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. అలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. బీమా కంపెనీకి చెప్పకుండా ఎత్తు మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. మీ వ్యాపారమంతా ఆ బండి మీదే నడుస్తోంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ప్రశ్న: సార్, నేను కర్నూలులో డిగ్రీ చదువుతున్నా. మా నాయన పాత కారు నాకిచ్చినాడు. కొత్త స్ప్రింగులు కొనే స్తోమత లేదు. ఉన్న స్ప్రింగుల్నే ఒకటిన్నర చుట్టు కోసి బిగిస్తానని ఒక షాపులో చెప్పినారు. ఇంకొకాయన కోయనక్కర్లేదు, గ్యాసుతో కాల్చి కూర్చోబెడతానన్నాడు. ఏది మంచిది?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: రెండూ వద్దు నాయనా. ఇది మా కులవృత్తిలాంటి పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతా.

మా కొలిమిలో లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి వంపు ఎక్కించినాక నూనెలో ముంచుతాం. ముంచి తీసిన పట్టీ గాజులాగా పెళుసుగా ఉంటుంది, సమ్మెట దెబ్బకు విరుగుతుంది. అందుకని దాన్ని మళ్లీ తక్కువ వేడిలో పెట్టి నెమ్మదిగా చల్లారనిస్తాం. ఆ రెండో కాల్పుతోనే ఉక్కుకు వంగి తిరిగి నిలబడే గుణం వస్తుంది. దాన్నే మేము పదును అంటాం. కారు స్ప్రింగుకూ ఫ్యాక్టరీలో ఇలాంటి పదునే పెడతారు. గ్యాసు మంట ఒకచోట పెట్టి ఎర్రబడేదాకా కాలిస్తే ఆ చోట పదును పోతుంది. ఆ చుట్టు కుంగుతుంది, అందుకే బండి దిగుతుంది. ఇవాళ దిగినంతతో ఆగదు, రోజూ ఇంత ఇంత దిగుతూనే ఉంటుంది, ఒకనాడు కాలిన చోటుకూ కాలని చోటుకూ మధ్య పుటుక్కున విరుగుతుంది. విరిగిన కొన టైరులోకి దిగిందంటే ఆ వేగంలో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కోయడం దానికంటే నయమే కానీ అదీ తప్పే. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. అంతవరకు బాగానే ఉందనిపిస్తుంది. కానీ స్ప్రింగు చివరి చుట్టును కంపెనీ ఊరికే వదలదు. కింది గిన్నెలో సమంగా కూర్చునేటట్టు దాన్ని చదును చేసో, లోపలికి మడిచో పెడుతుంది. కోసిన కొన గిన్నెలో వంకరగా నిలబడి ఒకేచోట నొక్కుతుంది. ఇంకో ప్రమాదం: చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై గిన్నెలోంచి పక్కకు తప్పుకోవచ్చు. బండిని జాకీ మీద ఎత్తి, చేత్తో స్ప్రింగును తిప్పి చూస్తే తిరిగిపోతుంటుంది. అలాంటి బండ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, వాటికి నేను కంపెనీ స్ప్రింగులు వెతికి బిగించి పంపుతుంటాను.

మీ నాయన ఇచ్చిన బండి ఇప్పుడున్న ఎత్తులోనే బాగుంటుంది. చేతిలో ఉన్న ఆ డబ్బుతో వీల్ ఎలైన్‌మెంట్ చేయించి, బ్రేకు ప్యాడ్లు చూపించు.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, చీనీ తోట ఉంది. మా బొలెరోలో కుటుంబమూ తిరుగుతుంది, కాయలూ మార్కెట్టుకు పోతాయి. లోడు వేస్తే వెనక కమాన్లు తిరగబడినట్టు అవుతున్నాయి. రెండు పట్టీలు అదనంగా వేస్తే సరిపోతుందా? తర్వాత ఖాళీగా మరీ ఎత్తు కనబడితే కమానుకూ ఇరుసుకూ మధ్య బ్లాకులు (ఇనుప దిమ్మలు) పెట్టి దించవచ్చంటున్నారు.
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: పట్టీలు వేసి ఎత్తు పెంచడం, మళ్లీ బ్లాకు పెట్టి దించడం, అన్నా, ఆ రెండు ఖర్చులూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

పూర్తి వంపు ఉన్న పట్టీలు రెండు పైన కలిపితే ఖాళీ బండిలో కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి. పిల్లలు వెనక కూర్చోలేరు. దానికి బదులు కట్ట అడుగున దాదాపు చదునుగా ఉండే లావు హెల్పర్ పట్టీ ఒక్కటి వేయించండి. ఖాళీగా ఉన్నప్పుడు పై పట్టీలు దాన్ని ముట్టుకోవు. కాయలు ఎక్కించి పై పట్టీలు చదునయ్యేకొద్దీ వచ్చి దాని మీద కూర్చుంటాయి, బరువు అప్పుడు పంచుకుంటుంది. అయితే ముందు పాత కట్ట విప్పించి ఒక్కో పట్టీనీ చూపించండి. తిరగబడుతున్నాయంటే పదును పోయిన పట్టీలో, నడుమ బోల్టు రంధ్రం దగ్గర చీలినదో ఉండి ఉండవచ్చు. చీలిన పట్టీ పక్కన కొత్తది వేస్తే కొత్తది కూడా తొందరగా పోతుంది. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ బిగిస్తే మర సాగిపోతుంది. బిగించినాక కొన్ని రోజులు లోడుతో తిప్పి మళ్లీ ఒకసారి బిగింపు చూపించండి, పట్టీలు సర్దుకొని కొంచెం వదులవుతాయి.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్‌కు ఒక సన్న కడ్డీ, దాని చివర బ్రేకు పైపులు వచ్చే ఒక వాల్వు మీ బండికి ఉందేమో చూడండి. ఉంటే అది లోడును కొలిచి బ్రేకు పంచే వాల్వు. బాడీ యాక్సిల్‌కు దగ్గరైతే లోడు ఉందనుకొని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. దూరంగా ఉంటే ఖాళీ అనుకొని తగ్గిస్తుంది. గట్టి కమాన్లు వేస్తే లోడున్నా బాడీ దిగదు, కాబట్టి వాల్వు ఖాళీ అనుకుంటుంది, బ్రేకు భారమంతా ముందు చక్రాల మీద పడుతుంది. బ్లాకు పెట్టి దించితే దీనికి రివర్సు. ఖాళీ బండికి వెనక బ్రేకు ఎక్కువై వానలో చక్రాలు బిగుసుకొని బండి అడ్డం తిరుగుతుంది. కమాన్లు మార్చిన రోజే ఆ కడ్డీ పొడవు సరిచేయించండి. చేసే మనిషికి దాని లెక్క తెలియకపోతే బండిని కంపెనీ సర్వీసుకు తీసుకుపోండి.

ప్రశ్న: మీరు చెప్పినట్టు వెనక గట్టి స్ప్రింగులు వేయించాను. ఖాళీగా ఉంటే బండి ముందుకు వంగినట్టు కనబడుతోంది. ముందర కూడా మార్చాలా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అవసరం లేదమ్మా. సరిగ్గా కంపెనీ ఎత్తుకు చేసినది కాకపోతే, గట్టి స్ప్రింగు మీద ఖాళీ బండి వెనక ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగానే ఉంటుంది. లోడు వేస్తే సమమవుతుంది, అందుకే కదా వేయించారు. హెడ్‌లైట్లు మాత్రం ఒకసారి సరిచేయించండి. ముందుకు వంగితే వెలుతురు దగ్గరగా పడి రాత్రిపూట దూరం కనబడదు. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి మొదలయ్యే అంకెలతో చిన్న చక్రం ఉంటే, ఖాళీగా 0 మీద పెట్టి గోడ ముందు లైట్లు సెట్ చేయించండి, వెనక బరువు వేసిన రోజు అంకె పెంచుకోండి.